ఎరకసాని పేరు బోర్డు మీద రాసిన రోజు

"ఎరకసాని" అని బోర్డు మీద రాసి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటున్నాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్క బెంచీకి, అక్కణ్ణుంచి ముందు వరుసకి పాకింది. ఆడపిల్లలు తలలు దించుకున్నారు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి నోటుబుక్కులో "ఎరక" వరకు రాసి పెన్ను ఆపేసింది. మిగిలిన రెండక్షరాలు రాయడానికి ఆ పిల్లకు చెయ్యి రాలేదు.

తొమ్మిదో తరగతి పిల్లలు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు, బాధేసింది. సాని అనే మాట వాళ్ళ చెవిన పడింది తిట్టుగానే. సినిమాల్లో విన్నారు, కుళాయి దగ్గర కొట్లాటల్లో విన్నారు. వాళ్ళకది పెద్దవాళ్ళ ముందు అనకూడని మాట. నేను చెబుతున్నదేమో ఎనిమిది వందల ఏళ్ళ కిందట మా సూర్యాపేట పక్కన గుడి కట్టించిన ఒక సామంత రాజు ఇల్లాలి పేరు. ఆ పేరు చివర సాని ఉన్నది ఆమె గొప్పింటి మనిషి కాబట్టి. నేటి లెక్కలో దొరసాని, రాణి అన్నట్టు.

ఇంతలో బెల్లు కొట్టారు. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడు మొదలుపెట్టిన రాత ఇది. పిల్లలకు చెప్పేముందు నాకు నేను సరిగ్గా చెప్పుకోవాలి కదా.

పిల్లలమర్రి చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే దారిలో, సూర్యాపేట చేరబోయే ముందు పక్కకు తిరగాలి. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్ళు అక్కడున్నాయి. నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం శాసనం 1202 నాటిది. అందరూ చూసేది ఆ గుడినే. నల్లరాతి స్తంభాల నునుపు చూసి, వేలితో తట్టి మోత విని, ఫొటో దిగి వెళ్ళిపోతారు. ఎరకేశ్వరాలయం దాకా నడిచేవాళ్ళు తక్కువ. ఎత్తైన అరుగు మీద ఒంటరిగా ఉంటుందది. దాన్ని కట్టించింది రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని, 1208లో. భర్త పేరు కాకుండా, మామ పేరు కాకుండా, లోపలి దేవుడికి తన పేరు పెట్టుకుంది: ఎరకేశ్వరుడు. గుడి కట్టించినవాళ్ళ పేరు శివుడికి పెట్టడం ఆ కాలపు పద్ధతే. ఆ పద్ధతిలో ఒక ఆడమనిషి పేరు ఇంతకాలం నిలవడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరించే సంగతి.

ఇక ఆ సాని ఎక్కడిది?

సంస్కృతంలో స్వామి ఉంది కదా, దానికి స్త్రీలింగం స్వామిని. అంటే ఏలిక, యజమానురాలు. స్వామి జనం నోట్లో నలిగి సామి అయినట్టే, స్వామిని ప్రాకృతం మీదుగా నలిగి నలిగి సాని అయింది. రాజ్ఞి కూడా ఇదే దారిలో నడిచి రాణి అయింది. రెండూ అక్కాచెల్లెళ్ళలాంటి మాటలు. ఒకే చోట బయలుదేరాయి, ఒకేలా అరిగాయి. ఒకటేమో ఇప్పటికీ ముద్దుపేరుగా ఆడపిల్లలకు పెట్టుకుంటాం. రెండోది ఆడపిల్ల నోటుబుక్కులో రాయడానికి సిగ్గుపడుతోంది.

కాకతీయుల కథ మొదట్లోనే ఒక సాని ఉంది. ఈ సంగతి నాకు డిగ్రీలో ఎవరూ చెప్పలేదు, ఉద్యోగంలో చేరాక చదువుకున్నాను. జనగామ ప్రాంతంలో గూడూరు శాసనమని ఒకటుంది, విరియాల వంశం వాళ్ళది. అందులో తెలుగు వృత్తపద్యాలు ఉన్నాయి కాబట్టి ఛందస్సు చెప్పుకునేటప్పుడు దాన్ని తలుచుకుంటాం. చంపకమాల అనీ ఉత్పలమాల అనీ గణాలు లెక్కపెట్టి అక్కడితో ఆగిపోతాం. ఆ పద్యాల్లో కథ ఏమిటంటే, కాకతి బేతడు ఇంకా పిన్నవాడు, వంశం నిలుస్తుందో లేదో తెలియని రోజులు. విరియాల ఎఱ్ఱని భార్య కామసాని చాళుక్య చక్రవర్తిని చూసి, ఆ పిల్లవాడిని, వాడితోపాటు కాకతి వంశాన్ని నిలబెట్టింది. ఆ తరవాతే అనుమకొండ, ఆ తరవాతే ఓరుగల్లు, వెయ్యి స్తంభాల గుడి, రామప్ప, రుద్రమ. ఇంత పెద్ద చెట్టుకు పాదు తీసి నీళ్ళు పోసిన మనిషి పేరు చివర ఉన్నది సాని.

కామసాని చక్రవర్తి ముందు నిలబడిన తీరు నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఆమె ఏం మాట్లాడిందో రాయి చెప్పదు. కానీ పరాయి రాజ్యం కొలువులోకి పసివాడి పక్షాన వెళ్ళి మాట్లాడగలిగిన ఆడమనిషికి ఇంట్లో, ఊళ్ళో, సైన్యంలో మాట చెల్లి ఉండాలి. సాని అన్నది ఆమెకు అలంకారంగా తగిలించిన తోక కాదు. చెల్లే మాట ఉన్న మనిషని చెప్పే గుర్తు.

సంస్కృత శ్లోకాల్లో రాసేటప్పుడు ఇలాంటి స్త్రీల పేర్ల చివర అంబ, అంబిక వస్తాయి. కాకతీయుల నాటి కుప్పాంబిక అలాగే, గణపతిదేవుడి కూతురు గణపాంబ అలాగే. కొండవీటి పెదకోమటి వేముడి రాణి సూరాంబ సంతానసాగరం తవ్వించింది. దానికి 1409లో ఫిరంగిపురం శాసనం రాసింది మన శ్రీనాథుడే. తెలుగు నోటికి మాత్రం అంబిక కన్నా సాని దగ్గర. దేవభాషలో తల్లి, ఇంటిభాషలో యజమానురాలు. నాకు రెండో పిలుపే ఎక్కువ ఇష్టం. తల్లివని పొగిడి మూల కూర్చోబెట్టడం తేలిక. యజమానురాలివి అంటే ఆస్తి, అధికారం ఒప్పుకోవాలి.

బిరుదుల దగ్గరికి వచ్చాక ఇంకొంచెం వెనక్కి పోకుండా ఉండలేను. నాశిక్ గుహలో శాతవాహనుల రాణి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఉంది, మనవడు పుళుమావి ఏలుబడిలో 19వ ఏట. అందులో ఆమె మహాదేవి, మహారాజుకు తల్లి, మహారాజుకు నాయనమ్మ. కొడుకును, మనవణ్ణి అంత పొగిడిన రాతలో తన గురించి చెప్పుకున్నది సత్యం, దానం, ఓర్పు. నాగార్జునకొండకు వస్తే ఇక్ష్వాకుల ఆడవాళ్ళు కనిపిస్తారు. అక్కడి శాసనాలు చదివితే ఆశ్చర్యమేస్తుంది. రాజులు వైదిక యజ్ఞాలు చేస్తుంటే, రాణులు, అక్కాచెల్లెళ్ళు బౌద్ధానికి విరాళాలిచ్చారు. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి చాంతిసిరి, అతని కొడుకు వీరపురుషదత్తుడి ఏలుబడిలో 6వ ఏట మహాచైత్యాన్ని, అంటే పెద్ద స్తూపాన్ని నిలబెట్టింది. ఆమె బిరుదు మహాతలవరి. భర్త మహాతలవరుడు, అంటే రాజు కొలువులో పెద్ద అధికారి, కాబట్టి ఆమె మహాతలవరి. మహాసేనాపత్ని కూడా ఉంది అక్కడ. సైన్యం నడిపిందని కాదు, సేనాపతి భార్య అని.

ఆ తలవరుడు అన్న బిరుదే తరవాత్తరవాత తలారి అయిందని పండితులు చెబుతారు. ఒకప్పుడు రాజుకు వియ్యమందే హోదా, చివరికి ఊరి కావలి. మగవాళ్ళ బిరుదులు కూడా దిగజారతాయని చూపడానికి ఇది చెబుతున్నాను. కానీ తేడా గమనించండి. తలారి అంటే చిన్న ఉద్యోగమే అయినా కూలికి పనిచేసే గౌరవమైన మనిషి. తలారి అంటే ఎవరూ నవ్వరు. నాయకుడు నాయుడయ్యాడు, రాయలు రాయుడయ్యాడు, రెడ్డి పేరు చివర నిలబడిపోయింది. మగవాడి బిరుదు ఊరందరికీ పాకితే పేరవుతుంది. ఆడదాని బిరుదు ఊరందరికీ పాకితే తిట్టయింది.

భర్త హోదాను బట్టి వచ్చిన బిరుదులే ఎక్కువ. తన పనిని బట్టి బిరుదు తెచ్చుకున్న ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్క. పల్నాటి కథలో నాగమ్మ ఉంది, నాయకురాలు నాగమ్మ. ఆమెను జనం ఎంత తిట్టుకున్నా, బ్రహ్మనాయుడి పక్షాన ఎంత పాడుకున్నా, పేరుకు ముందు నాయకురాలు తీసెయ్యలేకపోయారు. మంత్రాంగం ఆమెది, కాబట్టి మాట ఆమెది.

ఇక రుద్రమ. ఆమె దగ్గర ఈ బిరుదుల చిక్కంతా ఒక్కచోట ముడిపడింది. గణపతిదేవుడికి కొడుకుల్లేరు, కూతురికి రాజ్యమివ్వాలి. మహాదేవి అంటే రాజు భార్య. రాణి అన్నా రాజు భార్యే. సాని అంటే సామంతుడి ఇల్లాలు. సింహాసనం మీద తన హక్కున కూర్చున్న ఆడదానికి పెట్టడానికి మాట లేదు. ఉన్న స్త్రీవాచకాలన్నీ ఇంకొకరి పక్కన కూర్చునేవే. అందుకని ఆమెను రుద్రదేవ మహారాజు అన్నారు. చాలా శాసనాల్లో ఆమె మగ పేరుతో, మగ బిరుదుతోనే ఉంటుంది. తండ్రి బిరుదు రాయగజకేసరి, అంటే ఏనుగుల్లాంటి రాజుల పాలిటి సింహం, అది కూడా ఆమెకు వచ్చింది. ఓరుగల్లు కోటలో దొరికిన శిల్పంలో సింహం మీద కూర్చున్న స్త్రీ ఉంటుంది, చేతిలో కత్తి, డాలు. నోటితో చెప్పలేని బిరుదును ఉలితో చెప్పారనుకుంటాను.

పక్క రాజ్యాలకు మాత్రం ఆమె ఆడదని గుర్తుచేసుకోవడమే పెద్ద పనైంది. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు స్త్రీలను, పసివాళ్ళను, శరణన్నవాళ్ళను చంపడనీ, అది తెలిసే ఆంధ్రులు ఒక స్త్రీని, మాళవులు ఒక బాలుణ్ణి గద్దె మీద కూర్చోబెట్టారనీ ఆయన మంత్రి హేమాద్రి గొప్పగా రాశాడు. అటు బీదరు కోటలో దొరికిన శాసనం ముక్క రుద్రమ సైన్యం అంతదూరం వెళ్ళిందని చెబుతోంది. మార్కో పోలో మోటుపల్లి రేవు గురించి రాస్తూ న్యాయం, ధర్మం, శాంతి కోరే రాణి అని మెచ్చుకున్నాడు. కానీ ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. రాణి అనగానే రాజు భార్యే అయి ఉంటుందని ఆ పెద్దమనిషికి తోచింది. ఆ మాటలోనే ఆ అర్థం ఉంది మరి.

ఆమె పోయినప్పటి సంగతి నకిరేకల్ దగ్గర చందుపట్ల రాయి మీద ఉంది. 1289 నవంబరు 27. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారనీ, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే కొలువుకాడు సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడనీ. ఆ రాయి మీద ఆమె దేవి. మహారాజు బరువు దించుకుని సొంత పేరుతో వెళ్ళిపోయినట్టు అనిపిస్తుంది నాకు అది చదివినప్పుడల్లా.

ఇవన్నీ పుస్తకాల్లో దొరికే సంగతులు. సాని అనే మాట నాకు పుస్తకంలోంచి రాలేదు, మా అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

మా అమ్మమ్మ మంగలి ఇంటి కోడలు. తాత సన్నాయి ఊదేవాడు, దొరలకు గడ్డం గీసేవాడు. అమ్మమ్మ పురుళ్ళు పోసేది. ఆ పని ఆమెకు అత్త నుంచి వచ్చింది, అత్తకు వాళ్ళ అత్త నుంచి. చుట్టూ నాలుగైదు ఊళ్ళలో ఆమె చేతుల్లో పడని పిల్లలు లేరు. జనం ఆమెను పేరు పెట్టి పిలవడం నేను వినలేదు. "మంత్రసానిని పిలువుండ్రి" అనేవాళ్ళు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని ఎవరో వాకిట్లో నిలబడి ఒక్కటే కేక: "మంత్రసానమ్మా!" ఆమె లేచి, కొప్పు ముడేసుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, గూట్లో ఉన్న గుడ్డమూట తీసుకుని కదిలేది. మూటలో బొడ్డు కోసే కత్తి, నూలు దారం, ఉతికి ఎండేసిన పాత చీర ముక్కలు, చిన్న సీసాలో ఆముదం. "మంత్రసానితనం ఒప్పుకున్నంక ఏదొచ్చినా పట్టాలె బిడ్డా" అనేది. సామెత కింద అందరూ వాడే ఆ మాట ఆమె నోట్లో సామెత కాదు.

ఆమె చెప్పిన వాటిలో నేను మరిచిపోలేనిది గడిలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, పోసిన పురుడు. అప్పుడు అమ్మమ్మకు పాతికేళ్ళు ఉంటాయేమో. అత్తకు కళ్ళు మసకబారి కోడలిని వెంట తీసుకెళ్ళే రోజులు. దొరసానికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. గడి పెద్ద దర్వాజలోంచి కాదు, దొడ్డి దర్వాజలోంచి పోవాలి. కాళ్ళు కడుక్కుని, తల వంచుకుని. మామూలు రోజుల్లో దొరసాని కనబడితే ఆడవాళ్ళు తలమీది కొంగు సర్దుకుని పక్కకు తొలిగేవాళ్ళట. ఆమె ముందు నిలబడి మాట్లాడడం లేదు. మా వైపు దొరసాని అంటే భయపడే మాట. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖుకు ఎదురు నిలిచి పంట దక్కించుకున్నది కూడా ఆ దరిదాపు కాలంలోనే. ఆ గాలి మా ఊరికి ఇంకా పూర్తిగా సోకలేదు.

గది తలుపులు మూశారు. లోపల కుంపటి, కాగులో కాగుతున్న నీళ్ళు, సాంబ్రాణి పొగ. బిడ్డ అడ్డం తిరిగింది. అత్తకు చూపు ఆనక, చెయ్యి వణికి, "నువ్వే చూడు" అన్నది. అమ్మమ్మ చేతికి ఆముదం రాసుకుని కడుపు మీద నిమురుతూ, తల ఎటుందో చూసుకుంటూ నెమ్మదిగా తిప్పింది. దొరసాని భయంతో మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుంటోంది. అప్పుడు మా అమ్మమ్మ, జీవితంలో ఆ గడి మనుషులతో పెద్ద గొంతుతో మాట్లాడని మనిషి, "మోకాళ్ళు ఇడువు! ఇడువంటున్న! నువ్వు దొరసానివి గాదిప్పుడు, తల్లివి" అని అరిచిందట. దొరసాని ఆమె మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి. అమ్మమ్మ కుడి మోచేతి కింద ఆ నాలుగు గాట్లు తెల్లటి గీతల్లా చివరిదాకా ఉండేవి. నా చిన్నప్పుడు పక్కలో పడుకుని వాటి మీద వేలు పోనిచ్చి కథ మళ్ళీ చెప్పించుకునేదాన్ని.

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. కుంచెడు వడ్లు, ఒక చీర, రవికె బట్ట ఇచ్చారు. వచ్చిన దొడ్డి దర్వాజలోంచే బయటికి వచ్చారు. ఇంటికెళ్ళి తలమీంచి నీళ్ళు పోసుకున్నాకే పొయ్యి దగ్గరికి పోయారు. మర్నాడు దొరసాని బావి దగ్గర కనబడితే అమ్మమ్మ మళ్ళీ కొంగు సర్దుకుని తొలిగింది.

ఆ మూసిన గదిలో ఇద్దరు సానులు ఉన్నారు. ఒకామె మంచం మీద, ఒకామె మంచం పక్కన. దొరసానిలో సాని, మంత్రసానిలో సాని, ఎరకసానిలో సాని, అంతా ఒక్కటే స్వామిని. ఈ సంగతి నాకు ఎం.ఏ. చదివేటప్పుడు తెలిసింది. అప్పటికి అమ్మమ్మ లేదు. ఉంటే ఊరికి పరుగెత్తేదాన్ని.

మాట ఎలా పడిపోయిందో కూడా చెప్పాలి. అది దాటేస్తే అబద్ధం చెప్పినట్టే.

గుళ్ళలో దేవుడి సేవకు ఉన్న స్త్రీలను కూడా శాసనాలు సానులు అన్నాయి. దేవుడి ఇంటి ఆడవాళ్ళు కాబట్టి దేవుడి హోదాలో వాళ్ళకు వాటా. అది అప్పుడు గౌరవమే. కోస్తా గుళ్ళ శాసనాల్లో వాళ్ళు చేతులు చాచేవాళ్ళుగా కాదు, ఇచ్చేవాళ్ళుగా కనిపిస్తారు. అఖండదీపం కోసం గొర్రెల మందలు, నైవేద్యానికి భూములు. సంఘంగా ఏర్పడి గుడి ధర్మాన్ని కాపాడతామని మాట ఇచ్చేవాళ్ళుగానూ ఉంటారు. పాట, ఆట, చదువు వాళ్ళ దగ్గర ఉండేవి. ఇళ్ళలో ఆడవాళ్ళకు అక్షరం కూడదన్న రోజుల్లో పద్యం చదవగలిగిన ఆడది చాలాచోట్ల సానే.

తరవాత గుళ్ళ మాన్యాలు పోయాయి, పోషించిన రాజులు పోయారు. మిగిలినవాళ్ళు జమీందార్లు, వాళ్ళ తరవాత డబ్బున్నవాళ్ళు. దేవుడి ఇంటి ఆడది అన్న అర్థం ఊడిపోయి, ఎవరి ఇల్లాలూ కానిది అన్న అర్థం మిగిలింది. సానివాడ అన్నది ఊరికి అవతలి చోటైంది. పందొమ్మిదో శతాబ్దం చివర సంస్కర్తలు ఆ వ్యవస్థ మీద పోరాడారు. పోరాడవలసిందే, దానిలో పసిపిల్లల బతుకులు నలిగాయి. మద్రాసు రాష్ట్రంలో 1947లో, మన దగ్గర 1988లో దేవదాసీగా ఇవ్వడాన్ని నిషేధిస్తూ చట్టాలు వచ్చాయి. ఆ కులపు ఆడవాళ్ళు సాని అన్న పిలుపు వద్దని కళావంతులు అని పిలిపించుకున్నారు. వాళ్ళ నొప్పి వాళ్ళది, ఆ మాటను వాళ్ళు వదిలించుకోవడంలో నాకు వంక కనబడదు. నా బాధ వేరే వాళ్ళ మీద. వాళ్ళ గుమ్మం తొక్కినవాళ్ళ పేరు పక్కన ఏ మచ్చా పడలేదు. దొరలు దొరలుగానే ఉన్నారు, రాయుళ్ళు రాయుళ్ళుగానే. మరక పడిందల్లా సాని మీదనే.

హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ మీదుగా బస్సులో వెళ్ళేటప్పుడు కూడా నాకు ఇదే గుర్తొస్తుంది. మా సాహెబా, అంటే అమ్మగారు, అని జనం పిలుచుకున్న గోలకొండ రాణి హయాత్ బక్షీ బేగం పేరు మీద వచ్చిందంటారు ఆ పేరు. చెరువు పోయింది, బిరుదు నలిగి మాసాబ్ అయింది. అర్థం ఎవరికీ గుర్తు లేకపోయినా అవమానం మాత్రం చేరలేదు. అలా అరిగిపోయినా బాగుండేది కదా మన సాని.

మర్నాడు తరగతికి వెళ్ళి నేను మొదట అమ్మమ్మ కథే చెప్పాను. మోచేతి మీద గాట్ల దాకా చెప్పేసరికి గదిలో చప్పుడు లేదు. అప్పుడు దొరసాని, మంత్రసాని అని రెండు మాటలు బోర్డు మీద రాసి, రెండింట్లో సమానంగా ఉన్నదాని కింద గీత గీయమన్నాను. నిన్న నవ్విన పిల్లవాడే లేచి వచ్చి గీశాడు. "మా నానమ్మను గూడ అందరు మంత్రసాని అంటరు టీచర్" అని సుద్దముక్క నా చేతికిచ్చి, వెనక్కి పోయి కూర్చున్నాడు. నిన్న ఎందుకు నవ్వావని నేను అడగలేదు.

ఆ శనివారం హెడ్మాస్టరు అనుమతి తీసుకుని ముప్పై మందిని పిల్లలమర్రి తీసుకెళ్ళాను. నామేశ్వరం చూసి, ఎరకేశ్వరం అరుగెక్కాం. పాత తెలుగు లిపి పిల్లలకు రాదు, నాకూ నెమ్మదిగా కూడబలుక్కుంటే తప్ప రాదు. శాసనం రాతి మీద ఎండ నిలువుగా పడితే అక్షరాలు కనబడవు. సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి వాల్చి పట్టుకోమని ఒకడికి చెప్పాను. గీతల్లో నీడలు నిండాయి, అక్షరాలు లేచి నిలబడ్డాయి. స, న గుర్తుపట్టడం ఎలాగో నోటుబుక్కులో రాసి చూపించాను. పిల్లలు రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ రెండక్షరాల కోసం వెతికారు. రాయిని తాకొద్దని, సుద్ద రాయొద్దని ముందే చెప్పాను. ఊపిరి తగిలేంత దగ్గరగా మొహాలు పెట్టి చూస్తున్నారు.

కిటికీ పక్కన కూర్చునే ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి, "టీచర్, మీ అమ్మమ్మ పేరు ఏంది?" అని అడిగింది.

చెప్పాను.

అరుగు మెట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచి, ఆ పేరు రాసింది. పక్కన ఖాళీ వదలకుండా, కలిపి, సాని అని రాసింది. రాసి, ఒకసారి పైకి చదువుకుంది.